శాంపిళ్లన్నీ పాసయ్యాయి, మరి నికెల్ ఎక్కడి నుంచి వస్తోంది?

ఇది నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది కేసు. నగరం మురుగునీటి విభాగంలో పారిశ్రామిక వ్యర్థాల ఇన్‌స్పెక్టర్‌ని, అందరికంటే కింది పోస్టు. యూనిట్ల పేర్లు, ఊరు, తేదీలు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న అంకెలు కొన్ని మార్చాను, లెక్క మాత్రం తప్పకుండా చూసుకున్నాను. ఈ కేసులో నేను దాదాపు ఏడు వారాలు తప్పు చోట, తప్పు రోజుల్లో వెతికాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఆ ఏడు వారాలు మిగలాలని రాస్తున్నాను.

నేపథ్యం

మా పని గురించి బయట పెద్దగా తెలియదు. ఫ్యాక్టరీలు నగరం మురుగు లైన్లలోకి వదిలే నీళ్లకు పర్మిట్ ఉంటుంది. ఏ లోహం ఎంతకు మించకూడదు, పీహెచ్ ఎంతలో ఉండాలి, ఏవి అసలు రానే కూడదు అన్నీ అందులో రాసి ఉంటాయి. మేం వెళ్లి చూస్తాం, శాంపిల్ తీస్తాం, రికార్డులు చదువుతాం, తేడా కనిపిస్తే నోటీసు రాస్తాం. అంచనా కోసం చెప్పాలంటే, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధనల్లో మెటల్ ఫినిషింగ్ యూనిట్లకు నికెల్ ఒక రోజు గరిష్ఠం లీటరుకు 3.98 మిల్లీగ్రాములు, నెల సగటు 2.38. భారత్‌లో పబ్లిక్ సీవర్‌లోకి వదిలే నీళ్లకు 3. మా పర్మిట్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి.

ఇంత పట్టింపు ఎందుకంటే, శుద్ధి కేంద్రంలో మనకు కనిపించేవి కాంక్రీట్ ట్యాంకులూ మోటార్లే అయినా అసలు పనిచేసేది బ్యాక్టీరియా. అందులోనూ అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే రకాలు చాలా సుకుమారం. మామూలు బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపైతే వీటికి ఒక రోజు పడుతుంది, చలి ఉంటే ఇంకా ఎక్కువ, కాబట్టి ఒకసారి దెబ్బతింటే కోలుకోవడం చాలా నెమ్మది. లోపలికి వచ్చే నీళ్లలో నికెల్ లీటరుకు అర మిల్లీగ్రాము ఉన్నా, ఒక్కోసారి అంతకంటే తక్కువకే, వాటి పని మందగిస్తుంది. పైగా లోహం కుళ్లిపోయేది కాదు. నీళ్లలో పోనిది స్లడ్జ్‌లో, అంటే శుద్ధి తర్వాత మిగిలే బురదలో చేరుతుంది, ఆ స్లడ్జ్ పొలాలకు వెళ్తే మట్టిలో చేరుతుంది.

మా దగ్గరికి వచ్చిన సమస్య

శుద్ధి కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. బయటికి పోయే నీళ్లలో అమ్మోనియా మామూలుగా లీటరుకు 2 మిల్లీగ్రాముల లోపు ఉండేది 14 దాకా వెళ్లింది. గాలి సరిపడా ఇస్తున్నారు, ట్యాంకులో ఆక్సిజన్ బాగానే ఉంది, అయినా బ్యాక్టీరియా పని చేయడం లేదు. రెండు నెలల్లో ఇది మూడోసారి, ప్రతిసారీ సర్దుకోవడానికి పది రోజులు పట్టింది. షిఫ్ట్ ఆపరేటర్ ఒక మాట అన్నారు: "మా ట్యాంకుల్లో తప్పేమీ లేదు. పైనుంచి ఎవరో ఏదో పంపిస్తున్నారు." ఆ గొంతులో అలసట ఇప్పటికీ గుర్తుంది.

చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే. లోపలికి వచ్చే నీళ్ల రోజువారీ కాంపోజిట్ శాంపిల్లో, అంటే 24 గంటల పాటు కొంచెం కొంచెంగా తీసి కలిపిన శాంపిల్లో, నికెల్ ఎప్పుడూ 0.02 దగ్గర ఉండేది ఒక శుక్రవారం ఉదయం తీసినదాంట్లో 0.2 వచ్చింది. మిగతా రెండుసార్లు ఏమీ కనిపించలేదు. కాబట్టి నికెలే కారణమని కూడా అప్పటికి ఖాయం కాదు. కానీ స్లడ్జ్‌లో నికెల్ కొన్ని నెలలుగా మెల్లగా పెరుగుతోంది. శుద్ధి కేంద్రానికి వచ్చే ఆ ట్రంక్ లైన్, అంటే పెద్ద మురుగు పైపు మీద పదకొండు యూనిట్లున్నాయి, పర్మిట్ల ప్రకారం నికెల్ వాడేవి మూడు.

మొదట ఏం చేశాను

మూడు యూనిట్లకూ వెళ్లి గ్రాబ్ శాంపిల్ తీశాను. అంటే ఆ నిమిషంలో పారే నీళ్లను ఒక సీసాలో పట్టడం. పగలు, పదకొండు పన్నెండు గంటల మధ్య. ఫలితాలు 2.2, 1.9, 0.6. మూడూ పాస్.

ఆ 0.6 వచ్చిన చిన్న యూనిట్‌ను నేను అక్కడితో పక్కన పెట్టేశాను. ఫ్లోర్ శుభ్రంగా ఉంది, ట్రీట్‌మెంట్ ట్యాంకు దగ్గర లాగ్ బుక్ రోజూ రాస్తున్నారు, పీహెచ్ మీటర్ క్యాలిబ్రేషన్ స్టిక్కర్ తాజాగా ఉంది, ఓనరు మర్యాదగా మాట్లాడారు. ఇందులో చివరిది ఆధారమే కాదు, అయినా దాన్ని కూడా నేను లెక్కలో వేసుకున్నాను.

2.2 వచ్చిన పెద్ద యూనిట్ మీద అనుమానం బలపడింది. అంతకు ముందు వాళ్లకు రెండు నోటీసులున్నాయి, మేనేజరు గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబెట్టాడు, సీనియర్లు కూడా "వాళ్లు రాత్రిళ్లు వదులుతారు" అంటూ ఉండేవాళ్లు. దాంతో ఆ యూనిట్ కింది మ్యాన్‌హోల్‌లో ఆటోమేటిక్ శాంప్లర్ పెట్టి సోమవారం రాత్రి నుంచి శుక్రవారం ఉదయం దాకా వరుసగా మూడు వారాలు శాంపిళ్లు తీశాను. మొదటి వారం సగం సీసాలు ఖాళీగా వచ్చాయి. పైపు చివర జల్లెడకు గుడ్డపీలికలు చుట్టుకుని నీళ్లు లాగలేదు. శాంప్లర్ పెట్టాక అరగంట ఉండి కనీసం రెండు సీసాల్లోకి నీళ్లు పడటం కళ్లారా చూడాలని అప్పుడే తెలిసింది. మిగతా రెండు వారాలు సీసాలు బాగానే నిండాయి, ఒక్కదాంట్లోనూ 3 దాటలేదు. ఈ లోపు శుద్ధి కేంద్రంలో అమ్మోనియా నాలుగోసారి పెరిగింది. ఎక్కడో తప్పు చూస్తున్నానని తెలుస్తోంది, కానీ ఎక్కడో అర్థం కాలేదు.

లైను గోడల మీది జిగురు

మా విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్ ఒకాయన ఉన్నారు. ఆయన్ని ముందే అడగాల్సింది. విషయం విని, "నీళ్లు వెళ్లిపోతాయమ్మా, జిగురు వెళ్లదు, అది గీకి చూడు" అన్నారు. మురుగు పైపు గోడల మీద నీటి మట్టం దగ్గర బూడిదరంగు జిగురు పొర పేరుకుంటుంది. అది బతికున్న పొర, పారే నీళ్లలోని లోహాలను వారాల తరబడి పట్టుకుంటుంది. ఎవరు ఏ గంటలో వదిలినా అందులో జాడ ఉండిపోతుంది. శాంపిల్ సీసా ఒక క్షణాన్ని చూపిస్తే, ఈ జిగురు గడిచిన నెలంతా చూపిస్తుంది.

ఒక పొడవాటి కర్రకు ప్లాస్టిక్ గరిటె కట్టి పైనుంచే గీకాం, మ్యాన్‌హోల్లోకి దిగలేదు. ఇది కొత్తవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిన విషయం. మూత తీయగానే గ్యాస్ మీటర్ తాడుతో కిందికి దించి చూస్తాం. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎంకు చేరినా, పేలుడు స్థాయి సూచిక 10 శాతం చూపించినా అక్కడ పని ఆపేయాలి. కుళ్లిన గుడ్ల వాసన రావడం లేదు కదా అని ధైర్యపడకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. మీటర్ లేకుండా, పర్మిషన్ లేకుండా, పైన మనిషి లేకుండా ఎవరు దిగమన్నా దిగకండి, పై అధికారి చెప్పినా సరే.

ట్రంక్ లైన్ మీద కింది నుంచి పైకి ఒక్కో మ్యాన్‌హోల్ గీకుతూ వెళ్లాం. ఎండిన జిగురు కిలోకు నికెల్ మొదట 300 మిల్లీగ్రాముల దగ్గర, తర్వాత 340, పెద్ద యూనిట్ వైపు చీలే చోట పెద్ద యూనిట్ లైన్లో 120 మాత్రమే. రెండో వైపు చీలిన సన్న లైన్లో 2,600. ఆ లైన్ మీద నికెల్ వాడే యూనిట్ ఒక్కటే ఉంది, 0.6తో అందరికంటే శుభ్రంగా పాసైనది.

శనివారం

వెంటనే ఆ యూనిట్‌కు పరిగెత్తాలనిపించింది. ఆగాం. ఎందుకంటే జిగురు దారి చూపిస్తుంది కానీ నోటీసుకు సరిపోదు. ఆ లైన్లోకి ఇంకా నలుగురి నీళ్లు వస్తాయి, పాతది పేరుకుని ఉండొచ్చు కూడా. వెళ్లి అడిగితే వాళ్లు జాగ్రత్తపడతారు. ముందు ఆ యూనిట్ కనెక్షన్‌కు పైన, కింద రెండు మ్యాన్‌హోళ్లలో శాంప్లర్లు పెట్టాం. పైన శుభ్రంగా ఉండి కింద లోహం కనిపిస్తే ఎవరిదో తేలిపోతుంది.

మొదటి వారం, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏమీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం శాంప్లర్లు తీస్తుంటే టెక్నీషియన్ అడిగారు, శనివారం ఎందుకు వదిలేస్తున్నావని. లేబొరేటరీ శని, ఆదివారాలు శాంపిళ్లు తీసుకోదు, అందుకని. ఆ జవాబు నోటితో చెబుతున్నప్పుడే నాకు వెలిగింది. శుద్ధి కేంద్రం రోజువారీ కాంపోజిట్ కూడా అదే కారణంతో వారాంతాల్లో టెస్టుకు వెళ్లడం లేదు. అమ్మోనియా పెరిగినట్టు మాకు ప్రతిసారీ మంగళవారం తెలుస్తోంది, అంటే సోమవారం తీసిన శాంపిల్ ఫలితం వచ్చినప్పుడు. నేను లెక్క అక్కడి నుంచి ఒక రోజు వెనక్కి వేసుకుంటూ వచ్చాను. బ్యాక్టీరియాకు దెబ్బ తగిలింది శనివారం రాత్రి కావచ్చని ఆలోచించనే లేదు.

లోహాల శాంపిల్‌ను నైట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 2 కంటే కిందికి తెచ్చి పెడితే ఆరు నెలల దాకా నిలుస్తుంది. ఈ సంగతి నాకు ట్రైనింగ్‌లోనే చెప్పారు. సయనైడ్, నూనె, పీహెచ్ లాంటి వాటికి వేర్వేరు నియమాలున్నాయి, పీహెచ్ అయితే పదిహేను నిమిషాల్లో అక్కడికక్కడే చూసెయ్యాలి. కానీ మేం వెతుకుతున్నది నికెల్. లేబొరేటరీ మూసి ఉండటం అసలు అడ్డే కాదు.

సీసాల్లో ముందే యాసిడ్ వేసి, ఒక్కో సీసాకు రెండు గంటల చొప్పున, శనివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి సోమవారం ఉదయం దాకా పెట్టాం. మొదటి వారాంతం ఏమీ లేదు, రెండోదీ లేదు. మూడో సోమవారం కింది మ్యాన్‌హోల్ శాంప్లర్ మూత తీస్తే ఐసు కరిగి నీళ్లయింది, చుట్టూ వరసగా సీసాలు. మూడోదీ నాలుగోదీ పైకెత్తి వెనక తెల్ల కాగితం పెట్టి చూశాం. లేత ఆకుపచ్చ. మిగతావన్నీ మామూలు మురుగు రంగే. మూడో సీసా అంటే శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు, నాలుగోది ఆరు నుంచి ఎనిమిది. లేబొరేటరీ ఫలితాలు 210, 340. పై మ్యాన్‌హోల్లో ఏమీ లేదు.

యూనిట్ లోపల

ఈసారి ఓనరుతో మాట్లాడటం అయ్యాక, ట్రీట్‌మెంట్ చూసే ఆయన మందులు వేస్తున్నంతసేపూ పక్కన నిలబడతానని అడిగాను. అంతకు ముందు షెడ్డు వెనక్కి కూడా వెళ్లాను, మొదటిసారి వెళ్లలేదు. అక్కడ ఖాళీ డబ్బాల వరస ఉంది, లేబుళ్ల మీద సోడియం హైపోఫాస్ఫైట్ అని ఉంది. పర్మిట్‌లో రాసింది కరెంటుతో చేసే మామూలు నికెల్ ప్లేటింగ్ మాత్రమే. హైపోఫాస్ఫైట్ అవసరమయ్యేది కరెంటు లేకుండా చేసే ఎలక్ట్రోలెస్ నికెల్‌కు. కొత్త లైన్ పెట్టారు, మాకు చెప్పలేదు. చెప్పాలని వాళ్లకు నిజంగానే తెలియదని తర్వాత అర్థమైంది.

ట్రీట్‌మెంట్ ఆయన దాచింది ఏమీ లేదు. (బాత్ అంటే వస్తువులను ముంచి ప్లేటింగ్ చేసే ద్రావణం, అది ఇక పనికిరాకపోతే డెడ్ అంటారు.) "బాత్ డెడ్ అయిపోయాక శనివారం డ్యూటీ దిగే ముందు వదులుతాం మేడం. ఒకేసారి వదలం, కొంచెం కొంచెంగా ట్యాంకులోకి పంపి, మీటర్ 9.5 చూపించాకే బయటికి పోనిస్తాం. ఆ రోజు నీళ్లు కాస్త పచ్చగా ఉంటాయి, మడ్డి లేదు కదా, క్లియర్ అయినట్టే అనుకున్నాం." ఒక్కసారి మాత్రం శనివారం సెలవు పెట్టడంతో గురువారం సాయంత్రమే వదిలేశారట. మా దగ్గరున్న ఆ ఒంటరి శుక్రవారం 0.2 అదే.

అసలు కిటుకు ఇక్కడుంది. మామూలు నికెల్ నీళ్లకు కాస్టిక్ వేసి పీహెచ్ పెంచితే నికెల్ హైడ్రాక్సైడ్‌గా విరిగి మడ్డిలా కిందికి దిగుతుంది. ఎలక్ట్రోలెస్ బాత్‌లో నికెల్ కరిగే ఉండాలని సిట్రేట్, లాక్టేట్ లాంటి పదార్థాలు కలుపుతారు, అవి నికెల్‌ను గట్టిగా పట్టుకుంటాయి. పీహెచ్ 9.5 చేసినా వదలవు. మడ్డి పట్టకపోవడమే ఇక్కడ ప్రమాద సూచన, వాళ్లు దాన్ని పని అయిపోయిందనడానికి గుర్తు అనుకున్నారు. లాగ్ బుక్‌లో రాసిన ప్రతి అంకె నిజమే.

లెక్క వేశాం. డెడ్ బాత్ 600 లీటర్లు, లీటరుకు 5 గ్రాముల నికెల్, అంటే 3 కిలోలు. శుద్ధి కేంద్రానికి రోజుకు కోటి 20 లక్షల లీటర్లు వస్తాయి. రోజంతటి నీళ్లలో పంచితే లీటరుకు 0.25, కంగారు పుట్టించే అంకె కాదు. కానీ అది వచ్చేది మూడు గంటల్లో, ఆ మూడు గంటల నీళ్లు 15 లక్షల లీటర్లు, అప్పుడు 2. మధ్యలో ఎంత కలిసినా బ్యాక్టీరియా తట్టుకునే స్థాయి కాదు. సుమారు మూడు వారాలకో బాత్ డెడ్ అవుతుంది. అమ్మోనియా పెరిగిన తేదీలకు ఇది సరిపోయింది.

రిపోర్టులో ట్రీట్‌మెంట్ ఆయన మాటలు రాయలేదు. సీసాలు, జిగురు, కెమికల్ కొనుగోలు రిజిస్టర్, వెనకనున్న డబ్బాలు, ఇవి చాలు. నిజం చెప్పిన మనిషి ఉద్యోగం మీద నోటీసు నిలబడకూడదని నా పట్టుదల, సీనియర్ కూడా ఒప్పుకున్నారు.

ఏం పని చేసింది, ఏది చేయలేదు

ఆ రోజే డెడ్ బాత్ వదలడం ఆపించాం. డ్రమ్ముల్లో నింపి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే లైసెన్సున్న వాళ్లకు పంపాలి. జరిమానా గురించి నాకూ సీనియర్‌కూ వాదన నడిచింది. నాలుగు సార్లు శుద్ధి కేంద్రం దెబ్బతింది కాబట్టి గరిష్ఠం వేయాలని నేను. చెప్పకుండా లైన్ మార్చినందుకు జరిమానా వేసి, మిగతా డబ్బు వాళ్లు ట్రీట్‌మెంట్ మీద పెట్టేలా గడువులతో షెడ్యూల్ రాయాలని ఆయన. ఆయన మాటే నిలిచింది, ఇప్పుడు ఆలోచిస్తే అదే సరైనది.

డ్రమ్ములు పంపడానికి ఖర్చవుతుంది కాబట్టి ఓనరు ముందు యూనిట్లోనే శుద్ధి చేసే దారి వెతికారు. కాస్టిక్ ఇంకా వేసి పీహెచ్ 11 చేశారు, జార్ టెస్టులో, అంటే కొంచెం నీళ్లలో మందు కలిపి చూసే పరీక్షలో, నికెల్ వందల్లోనే మిగిలింది. సున్నంతో మెరుగైంది కానీ పరిమితి కిందికి రాలేదు. డైథయోకార్బమేట్ అనే రకం మందు అమ్మేవాళ్లు వచ్చి చూపించారు, బీకరులో నికెల్ 1 కిందికి పడిపోయింది. ఓనరు సంతోషించారు, నేను వద్దన్నాను.

కారణం చెప్పాలి. 1999 డిసెంబరులో అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఆండర్సన్‌లో ఒక ఫ్యాక్టరీ నుంచి ఇదే రకం మందు మోతాదు మించి నగరం మురుగు లైన్లోకి వెళ్లింది. శుద్ధి కేంద్రంలో బ్యాక్టీరియా దెబ్బతింది, అక్కడితో ఆగకుండా వైట్ నదిలో మైళ్ల పొడవునా చేపలు చచ్చిపోయాయి. లోహం తీయడానికి వేసిన మందే లోహం కంటే పెద్ద విషమైంది. ఆ మందు వాడకూడదని కాదు, మోతాదు ప్రతిసారీ కొలిచి వేసే ఏర్పాటు, మిగులు చూసే టెస్టు ఉండాలి. మీటర్, నీళ్ల రంగు చూసి వదిలే చిన్న షాపులో, శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లే తొందరలో, అది కుదరదు.

చివరికి పని చేసింది చాలా సాదా ఏర్పాటు. డెడ్ బాత్ మొత్తం డ్రమ్ముల్లో బయటికి. ప్లేటింగ్ అయిన వస్తువును ట్యాంకు మీద ఇంకొంచెం సేపు వేలాడదీసి కారనివ్వడం. తర్వాత పారని నీళ్ల ట్యాంకులో ఒకసారి ముంచి, ఆ నీళ్లను మళ్లీ బాత్‌లోకే పోయడం. ఎలక్ట్రోలెస్ బాత్ 85–90 డిగ్రీల దగ్గర నడుస్తుంది, నీళ్లు ఆవిరవుతూనే ఉంటాయి కాబట్టి ఆ నీళ్లకు బాత్‌లో చోటు దొరుకుతుంది. ఆ తర్వాతి కడుగు నీళ్లకు చిన్న అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్, అంటే నీళ్లలోని లోహాన్ని పట్టి ఉంచే రెజిన్ గొట్టం. ఇదంతా కుదరడానికి నాలుగు నెలలు పట్టింది, మధ్యలో ఒకసారి కాలమ్ నిండిపోయి 4.1 వచ్చింది, దానికీ నోటీసు రాశాను.

పర్మిట్ తిరగరాశాం. కొత్త ప్రాసెస్ పెట్టే ముందు రాతపూర్వకంగా తెలపాలి. శాంపిల్ తీసేది మిగతా నీళ్లు కలవక ముందు, లేకపోతే నీళ్లు కలిపి పలచన చేసినా పాసైపోతుంది. ఏడాదిలో కనీసం రెండు శాంపిళ్లు వారాంతంలో తీయాలి. శుద్ధి కేంద్రం కూడా శని, ఆదివారాల కాంపోజిట్‌ను యాసిడ్ వేసి దాచి సోమవారం పంపడం మొదలుపెట్టింది. ఆ పనికి అదనంగా అయ్యేది కొన్ని మిల్లీలీటర్ల యాసిడ్, రెండు సీసాలు.

నేను పెద్ద యూనిట్ మేనేజరుకు ఫోన్ చేసి, మీ లైన్ మీద పెట్టిన అనుమానం తొలగిందని చెప్పాను. చెప్పాలని రూలేమీ లేదు. మూడు వారాలు వాళ్ల గేటు ముందు శాంప్లర్ పెట్టుకుని కూర్చున్నది నేనే కాబట్టి చెప్పాలనిపించింది.

ఇప్పుడు కొత్త యూనిట్‌కు వెళ్తే మొదట షెడ్డు వెనక డబ్బాల లేబుళ్లు చదువుతాను, తర్వాత కొనుగోలు రిజిస్టర్ అడుగుతాను, ఆ తర్వాతే ట్రీట్‌మెంట్ ట్యాంకు. ఎంత నికెల్ కొన్నారు, వస్తువుల మీద ఎంత వెళ్లింది, స్లడ్జ్‌లో ఎంత పంపారు, ఈ మూడూ సరిపోకపోతే మిగిలింది మా పైపులోకే వచ్చి ఉంటుంది. పెద్ద ఖాతా పద్దు లాంటిది, ఒక మధ్యాహ్నం పడుతుంది. ఆ యూనిట్ లెక్క నేను ముందే వేసి ఉంటే కొనుగోలు ఏడాదిలో దాదాపు రెట్టింపవడం మొదటి రోజే కనిపించేది.

అమ్మోనియా ఆ తర్వాత మళ్లీ పెరగలేదు. ఆరు నెలలకు సన్న లైన్లో జిగురు మళ్లీ గీకితే నికెల్ 2,600 నుంచి 400కు దిగింది. స్లడ్జ్‌లో మాత్రం ఇంకా పూర్తిగా తగ్గలేదు, డైజెస్టర్లలో, అంటే స్లడ్జ్‌ను కుళ్లబెట్టే ట్యాంకుల్లో, పాతది నెమ్మదిగా బయటికి పోవాలి. తర్వాతి శాంపిల్ వచ్చే నెల.